అడవిపొలం అంబాసిడరు

సంక్రాంతికి అడవిపొలం రమ్మని మా పెద్దమ్మ ఏటేటా కబురు చేస్తూనే ఉంటుంది. "ఈ ఏడు తప్పకుండా వస్తాము" అని మేమూ ఏటేటా జవాబు చెబుతూనే ఉంటాము. జంషెడ్‌పూరులో మూడు తరాలుగా కాపురమున్నవాళ్లం. సెలవు దొరికితే రైలు దొరకదు, రైలు దొరికితే పిల్లవాడి పరీక్షలు అడ్డం వస్తాయి. ఇటువంటి సాకులు మన సంఘంలో ఏ ఇంటికి వెళ్లినా డజను దొరుకుతాయి గనుక చదువరులకు విడమర్చి చెప్పనక్కరలేదు. 2023 సంక్రాంతికి మాత్రం మాట నిలబెట్టుకున్నాము. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉన్నా, ఆ మాట నిలబెట్టించింది పెద్దనాన్నగారి పాత కారు.

హైదరాబాదులో ఉంటున్న మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, డిసెంబరులో ఫోను చేశాడు. "కారు కాగితాల గడువు వచ్చే వేసవితో తీరిపోతుంది. ముందద్దం చుట్టూ తుప్పు. వాన కురిస్తే లోపల కూర్చుని గొడుగు వేసుకోవాలి. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామని నా ఉద్దేశం. బాబాయిగారు కూడా సగం డబ్బు పెట్టిన కారు గదా, మీ మాట కూడా కావాలి" అన్నాడు. ఆ బాబాయిగారు, మా నాన్నగారు, ఇప్పుడు లేరు. ఆయన మాట చెప్పవలసినవాళ్లం మేమే. ఆలుమగలమిద్దరమూ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాము.

టాటానగరులో రైలెక్కి సామర్లకోటలో దిగాము. అక్కడినుంచి కాకినాడ మీదుగా కోరంగి, తాళ్లరేవు దాటితే యానాం. దారిలో ఎడమచేతి వైపున మడ అడవుల పచ్చదనం అక్కడక్కడ తొంగిచూస్తుంది. చుట్టూ ఆంధ్రదేశం, నడుమ సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర యానాం, ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరి పరిపాలన కింద ఉన్నది. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ కాలు పెట్టారు. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఈ ఊరికి కళ్యాణపురమని ఇంకొక పేరున్నది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తే, ఆ చట్టం వర్తించని ఈ ఫ్రెంచి నేలకు పెళ్లివారు బళ్లు కట్టుకుని వచ్చేవారట. మా నాయనమ్మ పెళ్లి కూడా అలాగే ఇక్కడ జరిగింది. పుస్తె కట్టిన నాడు తనకు నిద్ర ముంచుకొచ్చిందని మాత్రమే ఆమెకు గుర్తు.

జంషెడ్‌పూరు సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్నది. యానాం గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలేచోట ఉన్నది. మా తాతగారు ఈ రెండు నీళ్ల ఊళ్లమధ్య తిరిగి ఒక ఊరి ఇనుముతో బతికారు, రెండో ఊళ్లో ఇల్లు కట్టారు. జంషెడ్‌పూరు కొలిమిలో తొలి ఇనుము 1911 డిసెంబరులోనూ, తొలి ఉక్కు 1912 ఫిబ్రవరిలోనూ పోశారు. ఆ తరువాత కొన్నేళ్లకు కారఖానాలో చేరిన మనవాళ్లలో తాతగారొకరు. ఆయన పెద్దకొడుకు అడవిపొలానికి తిరిగి వచ్చేశారు. చిన్నకొడుకు కారఖానాలోనే ఉండిపోయారు. ఆ చిన్నకొడుకు సంతానం మేము.

అడవిపొలం అంటే పేరులోనే అడవీ పొలమూ రెండూ ఉన్నవి. ఇప్పుడు అది యానాంలో ఒక భాగం. పేరు వినివచ్చినవాళ్లకు ఇళ్ల వరుసలు ఎదురవుతాయి. సముద్రం తొమ్మిది పది కిలోమీటర్ల అవతల ఉన్నా దాని గాలి ఇక్కడిదాకా నడిచి వస్తుంది. కిటికీ ఊచలూ, తలుపు గడియలూ, నూతి గిలకా అన్నీ ఆ సంగతి చెబుతాయి. ఉక్కు ఊరినుంచి వెళ్లినవాళ్లం గనుక మా కళ్లు ముందు వాటిమీదనే పడ్డాయి.

మామిడిచెట్టు కింద కారు కనిపించింది. తెల్ల అంబాసిడరు, 1993 వేసవిలో కొన్నది. కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారైన బండి. ఇంజను జపానువారి ఇసుజు నమూనా. యానాంలో నమోదైనది గనుక నంబరు పి.వై. 04తో మొదలవుతుంది. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో అంబాసిడరు అనే పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీవారు 80 కోట్ల రూపాయలకు కొన్నారు. "ఊరు ఫ్రెంచివాళ్ల దగ్గరనుంచి మనకు వచ్చింది, కారు పేరు మన దగ్గరనుంచి వాళ్లకు వెళ్లింది. లెక్క సరి" అని అన్నయ్య పరాచికమాడాడు.

దగ్గరికి వెళ్లి చూశాము. ముందద్దం కింది మూలలు రెండింటిలోనూ రంగు పొక్కులెత్తి ఉన్నది. మా అబ్బాయి బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగి గోధుమరంగు పొడి రాలింది. రబ్బరు బీడింగు ఎండి బీటలు వారింది. తలుపు తీస్తే పాతబడిన తడి వాసన. ఇవతలి రోజు భోగి. "పాతవి వదిలించుకునే పండుగే గదా" అన్నాడు అన్నయ్య. పెద్దమ్మ విన్నది, ఏమీ అనలేదు. భోగిపళ్లకు రేగుపళ్లు ఏరుకుంటూ కూర్చున్నది.

పండుగ మూడు రోజులూ కారు మాట ఎత్తలేదు. ముక్కనుమ వెళ్లిన మర్నాడు టింకరు మేస్త్రీని పిలిపించాము. అరవై దాటినవాడు, తండ్రి తాళ్లరేవులో కొయ్యపడవలు కట్టిన పనివాడట. కోరంగి, తాళ్లరేవు ప్రాంతాలు ఓడలకూ పడవలకూ పేరుపడినవని చదువరులు వినే ఉంటారు. ఆయన వస్తూనే సుత్తి తియ్యలేదు. జేబులోనుంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, దాని పిడితో చట్రం చుట్టూ తట్టుకుంటూ వెళ్లాడు. మంచి రేకు ఉన్నచోట ఖంగుమన్నది. మూలల దగ్గర అట్టపెట్టెలా దబ్‌దబ్‌మన్నది.

"పైకి వేలెడు కనబడితే లోపల జానెడు ఉంటాదండీ, ఆయ్. రబ్బరు తీస్తేగాని తెలవదు. ఇక్కడ ఇదివరకు ఎవరో పుట్టీ పెట్టారండీ" అన్నాడు.

అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. 2018లో కాగితాలు తిరగరాయించేటప్పుడు ఒక షెడ్డులో ఆ పుట్టీ పెట్టించింది తానేనని కొంతసేపటికి ఒప్పుకున్నాడు. మేస్త్రీ నవ్వి, "మీరు కావాలంటే నేనూ అట్టాగే పెట్టి సాయంత్రానికి ఇచ్చేత్తానండీ. రెండు వానాకాలాలు ఆగుతాది. ఈసారి మాత్రం అద్దం ఊడి ఒళ్లో పడుద్ది" అన్నాడు. పుట్టీ నిండా సన్నటి రంధ్రాలుంటాయి. కింద తుప్పు మిగిలితే తడిని పట్టి ఉంచి దానికి దాణా వేసినట్లే అవుతుంది.

"అద్దం చుట్టూ నాలుగంగుళాల రేకే గదా, దానికింత రాద్ధాంతమా?" అని మాలో ఒకరం అడిగాము. మేస్త్రీ వంగి కారు అడుగు చూపించాడు. లారీకి ఉన్నట్లు దీనికి వేరే చట్రం లేదు. ఒంటి రేకే ఎముకగూడు. ముందద్దం చుట్టూ ఉన్న రేకు పైకప్పును మోసే స్తంభాలలో భాగం. అది తింటే అద్దం కారడంతో సరిపోదు, కారు తల నిలవడం కూడా సందేహమే.

పనికి ఒప్పుకుందామా వద్దా అని వరండాలో కూర్చుని తర్కించాము. కాగితాల సంగతి ఇది: సొంతకారుకు మొదటి నమోదు 15 ఏళ్లు, తరువాత అయిదేసి ఏళ్లకు తిరగరాయించాలి, బండి యోగ్యంగా ఉన్నదని చూపించాలి. 2021లో పాత బండ్లను తుక్కుకు పంపే విధానం వచ్చింది. 2022 ఏప్రిలు నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు తిరగరాత రుసుము 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. వెల్డింగూ రంగూ కలిపితే తుక్కువాడిచ్చే ధరకంటే ఎక్కువే అవుతుంది. లెక్క చూస్తే అన్నయ్యదే న్యాయం. మేము కూడా "సరే" అనబోయాము.

అంతలో కారులోనుంచి మా అబ్బాయి పిలిచాడు. ఎడమవైపు కాళ్లకింది మ్యాటు ఎత్తితే, నాలుగు మడతలు వేసిన తువ్వాలొకటి నేలకు అంటుకుపోయి ఉన్నది. పెద్దనాన్నగారి నీలం గళ్ల తువ్వాలు. పిండితే ఇంకా నీరు కారింది. ఎన్ని వానలు తాగిందో!

పెద్దమ్మను అడిగాము. "నాలుగేళ్లుగా కారుతున్నదిరా. తువ్వాలు వేసి పిండుకుంటున్నా. ఈ కార్తీకంలో మరిచిపోయాను" అన్నది.

"మాకు చెప్పలేదేమమ్మా?" అన్నాడు అన్నయ్య.

"చెబితే ఏమంటారు? అమ్మేయమంటారు. ఇదొకటి ఉంటేగదా నాకు గుడికో ఆసుపత్రికో పొరుగబ్బాయి తీసుకువెళ్లేది. ఫోనులో 'కారు బాగుందా' అంటారు. 'బాగుంది' అంటాను. 'నువ్వు బాగున్నావా' అంటారు. అదీ అంతే."

మా ఇంటావిడ ఆమె కుడిచెయ్యి పట్టుకుని చూసింది. మణికట్టు దగ్గర కొంచెం వంకర. కార్తీక స్నానానికి నూతిచప్టా మీద జారిందట. కాకినాడలో కట్టు కట్టించుకున్నదట. ఈ సంగతి పొరుగువారికి తెలుసు, మాకెవరికీ తెలియదు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత అన్నయ్య లేచి మేస్త్రీ దగ్గరకు వెళ్లి, "పుట్టీ వద్దు. మంచి రేకు వచ్చేదాకా కోసెయ్యి. ఎన్ని రోజులైనా ఉంటాను" అన్నాడు.

ఇక ఆ పని ఎలా జరిగిందో వివరంగా చెబుతాము. మన సంఘంలో పాత కార్లు ఉంచుకున్నవారు ఇంకా ఉన్నారు; ఎవరికైనా అక్కరకు రావచ్చు.

మొదట బ్యాటరీ తీగలు విప్పారు. వైపరు చేతులు తీశారు. రబ్బరును పీకలేదు. పీకితే అద్దం పగులుతుంది. పదునైన కత్తితో బయటి పెదవిని చుట్టూ కోసి, లోపలినుంచి ఇద్దరు అరచేతులతో నెమ్మదిగా నెడితే బయట ఇద్దరు అందుకున్నారు. అద్దం పరుపుమీదికి చేరింది. అప్పుడు బయటపడింది అసలు రూపం. రబ్బరు కూర్చునే రేకు అంచు కింది మూలల్లో జల్లెడైపోయింది. ఎడమమూలన చెయ్యి పట్టేంత కన్నం. పాత పుట్టీ పలకలుగా ఊడివచ్చింది.

గాలీ నీరూ బాగా తగిలే బానెట్టు పైభాగం నిక్షేపంగా ఉండి, రబ్బరు కింద దాగిన చోటే ఇంతగా తినడమేమిటని మాకు ఆశ్చర్యం కలిగింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యు. ఆర్. ఇవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో చేసిన ప్రయోగమొకటి దీనికి జవాబు చెబుతుంది. ఆయన ఇనుపరేకు మీద ఉప్పునీటి బొట్టు వేసి చూశాడు. బొట్టు అంచున గాలి బాగా అందుతుంది, నడుమ అందదు. ఇనుము కరిగింది నడుమన! గాలి అందిన చోటికీ అందని చోటికీ మధ్య సన్నని విద్యుత్తు పారి, అందని చోటి ఇనుమును కొరికివేస్తుంది. రబ్బరు కింది సందులో నిలిచిన తడి అటువంటి బొట్టే. ఇక ఉప్పు చేసే పని వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చూసినవారికి తెలుసు. గాలిలోని చెమ్మను లాగి తాను తడిసి కూర్చుంటుంది, ఎండరోజున కూడా ఇనుమును ఆరనివ్వదు. తుప్పు పుట్టాక మూల ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంగును పొక్కించి, కొత్త నీటికి దారి చేస్తుంది.

నీరు నిలవడానికి కారణం మామిడిచెట్టు. బానెట్టు వెనుక, అద్దం కింద నీరు పోయే పల్లంలో ఆకులు కుళ్లి మట్టి అయి కాలువలు పూడ్చాయి. మేస్త్రీ రెండు దోసిళ్ల మట్టి తీశాడు. "ఓడకైనా కారుకైనా చేటు అతుకు దగ్గరేనండీ. మా నాన్న పడవ అతుకుల్లో పీచు కూరి గుగ్గిలం పట్టించి, ఏడాదికోసారి మళ్లీ చూసేవోడు. చూడని ఏడు పడవ ఊరుకోదు" అన్నాడు.

అది విని పెద్దమ్మ పెద్దనాన్నగారి ఆదివారాలు తలుచుకున్నది. ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, ఆ పల్లంలో వేళ్లు పెట్టి ఆకులు ఏరేవారట. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన పెనుతుఫాను తరువాత, ఊరంతా కరెంటు లేక నీళ్లు లేక అల్లాడుతుంటే, మూడో రోజున కాలువనుంచి బిందెలతో నీళ్లు తెచ్చి కారుకు పట్టిన ఉప్పు కడిగారట. "ఇంటికి లేవు, కారుకా నీళ్లు?" అని తాను దెబ్బలాడానని చెప్పి నవ్వింది. 2022 జూలైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయన లేరు. పెద్దమ్మే పొరుగువారిని బతిమాలి కారును మెరకమీదికి తోయించింది. పెద్దనాన్నగారు పోయింది 2016లో. ఆ ఆదివారాలు ఆగిననాటినుంచి తుప్పు మొదలైందనుకుంటే లెక్క సరిగ్గా సరిపోయింది.

రెండవ రోజు కోత. స్క్రూడ్రైవరు గుచ్చితే దిగిన రేకునంతా, మెరిసే ఇనుము కనిపించేదాకా కోసివేశారు. అట్టముక్కతో అచ్చు తీసి, కొత్తరేకు దాని ప్రకారం కత్తిరించి, కర్రసుత్తితో వంపు తెచ్చారు. డాష్‌బోర్డు వెనుక తీగలున్నవి గనుక వాటిని తప్పించి, తడి గోనెలు కప్పి, బకెట్టుతో నీళ్లు పక్కన పెట్టుకునిగాని మేస్త్రీ మంట వెలిగించలేదు. ఒక మూలన ఒక చుక్క అతికి, చల్లారనిచ్చి, ఎదుటి మూలన ఇంకొక చుక్క. ఒకేచోట కాలిస్తే రేకు మెలిక తిరుగుతుంది; మెలిక తిరిగిన అంచులో అద్దం పెడితే ఎప్పుడో ఒకనాడు గతుకులో దానంతట అదే చిట్లుతుంది. ప్రతి చుక్కకూ పాత అద్దాన్ని తెచ్చి ఆనించి చూశాడు. ఆ రోజంతా జానెడు రేకు ఒక వైపు అతికింది, మర్నాడు రెండోవైపు.

నాలుగవ రోజు వైరు బ్రష్షుతోను, ఎమరీ కాగితంతోను గీకి, గుంటల్లో మిగిలిన తుప్పుమీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూశారు. చేతికి తొడుగులు తప్పనిసరి. గోధుమరంగు క్రమంగా నల్లబడింది. తుప్పు ఇనుప ఫాస్ఫేటుగా మారిందని గుర్తు. ఢిల్లీలోని ఇనుపస్తంభం దాదాపు 1600 ఏళ్లుగా ఎండావానల్లో నిలిచి ఉండడానికి ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ కావడం ఒక కారణమని పరిశోధకులు చెబుతారు. మనం పైపూతగా రాసుకునేదాన్ని ఆనాటి కమ్మరులు లోపలనే పెట్టుకున్నారన్నమాట. తుడిచి, బాగా ఆరనిచ్చి, యశదపు ప్రైమరు రెండు పూతలు వేశారు. అతుకుల్లో సీలెంటు నింపారు. స్తంభం లోపలి బోలులోకి సన్నగొట్టంతో నూనె చిమ్మారు. చివరికి పుట్టీ కూడా వాడారు. కాని గోరుమందం, శుభ్రమైన రేకుమీద.

రంగు ఆరేవరకు చేసే పని లేక, పెద్దమ్మను ఆటోలో ఎక్కించుకుని గౌతమి గట్టుకు వెళ్లాము. ఎదురుగా ఎదుర్లంక వంతెన యానాన్ని కోనసీమతో కలుపుతూ కనిపించింది. అది కట్టకముందు పంటుమీద రేవు దాటిన రోజులు పెద్దమ్మ మా అబ్బాయికి చెప్పింది. తిరిగివస్తూ గిరియాంపేటలో, పారిస్ ఈఫిల్ గోపురాన్ని తలపించేటట్లు కట్టిన సుమారు 100 మీటర్ల ఎత్తు ఇనుపగోపురం చూశాము. అసలు ఈఫిల్ గోపురం 1889 నాటిది. దాదాపు ఏడేళ్లకొకసారి దానికి 60 టన్నుల దాకా రంగు వేస్తారు. అందుకే అది నిలిచి ఉన్నది. "అంత గోపురానికీ ఏడేళ్లకోసారి మనిషి ఎక్కి చూస్తాడా?" అని పెద్దమ్మ అడిగింది. చూస్తాడని చెప్పాము. "నయమే" అన్నది.

అద్దం బిగించడం ఆరవ రోజున. కొత్త రబ్బరును ముందు అద్దానికి తొడిగారు. రబ్బరు లోపలి గాడిలో చుట్టూ సన్నటి నైలాను తాడు పెట్టి, రెండు కొసలూ కింద నడుమన వేలాడదీశారు. సబ్బునీళ్లు పూసి అద్దాన్ని బయటనుంచి చట్రానికి ఆనించి, ఇద్దరు అరచేతులతో అదిమిపట్టారు. లోపల మేస్త్రీ తాడు కొసను కొంచెం కొంచెంగా లాగుతుంటే రబ్బరు పెదవి రేకు అంచుమీదుగా మడత తిరిగి కూర్చుంటూ వచ్చింది. బయట అదిమినవాళ్లలో ఒకరు అన్నయ్య, ఒకరం మేము. "గట్టిగా వద్దండీ, సమానంగా" అని మేస్త్రీ లోపలినుంచి హెచ్చరిస్తూనే ఉన్నాడు. ఆఖరి మూల కూర్చున్నప్పుడు చిన్న చప్పుడయింది. పగిలిందేమోనని అందరమూ బిగుసుకుపోయాము. పగలలేదు.

తరువాత పరీక్ష. పెద్దమ్మ లోపల కూర్చుంటానని పట్టుబట్టింది. తలుపులు వేసి, గొట్టంతో పావుగంట అద్దంమీద నీళ్లు కొట్టాము. పల్లంలోని నీళ్లు కాలువలగుండా చక్రాల వెనుక నుంచి ధారగా దిగాయి. తలుపు తీశాము. పెద్దమ్మ కాళ్లదగ్గర తడిమి చూసి, పొడిచేతిని బయటకు చాచి చూపించింది. వంకర తిరిగిన ఆ చేతినే.

మర్నాడు అందరమూ ఆ కారులోనే ద్రాక్షారామం వెళ్లి భీమేశ్వరుణ్ణి దర్శించుకున్నాము. అన్నయ్య నడిపాడు. వెనుక సీటులో పెద్దమ్మ, మా ఇంటావిడ మణికట్టు వ్యాయామం గురించి మాట్లాడుకున్నారు. కాకినాడలో ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించడం, నూతిచప్టాకు గరుకు పలకలు వేయించడం ఆ దారిలోనే నిర్ణయమయ్యాయి.

బయలుదేరే ముందు వరండాలో ఒక కాగితం రాసి గోడకు అంటించాము. ఆదివారంనాడు పల్లంలో ఆకులు ఏరడం. ఇది పొరుగబ్బాయి ఒప్పుకున్నాడు. కారును మామిడిచెట్టు కిందనుంచి రేకుల సావిడిలోకి మార్చడం. నెలకు రెండుసార్లు మంచినీళ్లతో కడగడం, రబ్బరు అంచును వేలితో తడమడం. మ్యాటు ఎత్తి చూడడం. ఎక్కడైనా రంగు పొక్కితే ఆ వారమే గీకి ప్రైమరు వేయడం. చివరి మాట అన్నయ్య రాశాడు: జ్యేష్ఠంలో, వానలకు ముందు, హైదరాబాదునుంచిగాని జంషెడ్‌పూరునుంచిగాని ఒకరు తప్పక రావాలి, ఫోను చెల్లదు.

ఆ వేసవిలో కారు కాగితాలు 2028 దాకా తిరగరాసి వచ్చాయి. ఆ జ్యేష్ఠానికి అన్నయ్య వెళ్లాడు. మరుసటి ఏడు మా వంతు. వెళ్లి కారు తలుపు తీసి ముందు మ్యాటు ఎత్తాము. కింద తువ్వాలు లేదు. అది ఉతికి ఆరవేసి పెద్దమ్మ భుజాన ఉన్నది. "కారు సరేరా, ముందు కాళ్లు కడుక్కుని భోజనానికి రండి. ఎన్నాళ్లుంటారు?" అన్నది.

ఈసారి నాలుగు రోజులు ఎక్కువే ఉన్నాము.